ఐఎస్‌డీ మెయిల్ వచ్చింది: ఏది చదవాలి, ఏది వదిలేయొచ్చు

ఆగస్టు వచ్చిందంటే టెక్సస్‌లో బడికెళ్లే పిల్లలున్న ఇళ్లలో ఫోన్లు ఊరుకోవు. మీట్ ద టీచర్ ఫలానా సాయంత్రం, పిక్చర్ డే ఫలానా రోజు, లంచ్ అకౌంట్లో డబ్బులు వెయ్యండి, పీటీఏలో చేరండి, బుక్ ఫెయిర్‌కి వాలంటీర్లు కావాలి. వీటి మధ్యే, అదే ఐఎస్‌డీ (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే మీ ప్రాంతపు బడుల్ని నడిపే సంస్థ) లోగో కింద, ఎప్పుడో ఓ రోజు ఇంకో మెయిల్ వస్తుంది: అటెండెన్స్ జోన్ల (ఏ ఇంటి పిల్లలు ఏ బడికి అన్న హద్దుల) మార్పుపై పబ్లిక్ హియరింగ్ అని. పిక్చర్ డే మర్చిపోతే రీటేక్ డే ఉంటుంది. హియరింగ్ మర్చిపోతే వచ్చే ఏడు మీ అమ్మాయి వేరే బడికి వెళ్లాల్సి రావచ్చు. చిక్కేమిటంటే రెండు మెయిళ్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

మెయిల్‌లో తేదీ కంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది: ఆ విషయం తేల్చేది ఎవరు? టీచరా, ప్రిన్సిపలా, డిస్ట్రిక్ట్ బోర్డా, ఆస్టిన్‌లో కూర్చున్న రాష్ట్ర ప్రభుత్వమా? అది తెలిస్తే ఎక్కడ అడగాలో, అసలు అడిగి లాభం ఉందో లేదో తెలుస్తుంది. ఇక్కడ చెప్పేదంతా టెక్సస్ సంగతి. ఉదాహరణలు డాలస్‌కి ఉత్తరాన మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, ప్లేనో, కొపెల్ వైపువి. న్యూజెర్సీలో, కాలిఫోర్నియాలో చట్టాలు వేరు.

ఊరు వేరు, ఐఎస్‌డీ వేరు

ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా సర్కారు బడి పైనుంచి కిందిదాకా ఒకే శాఖ కింద ఉంటుంది. టీచర్లని డీఎస్సీ ద్వారా రాష్ట్రం తీసుకుంటుంది, జీతం రాష్ట్రం ఇస్తుంది, డీఈఓ ఆ శాఖ నియమించిన అధికారి. టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ తనంతట తానొక స్థానిక ప్రభుత్వం. దానికి సొంత సరిహద్దులున్నాయి, పన్ను వేసే అధికారం ఉంది, సొంత ఎన్నికలున్నాయి. టీచర్లని అదే నియమించుకుంటుంది, జీతాలు అదే ఖాయం చేస్తుంది. మేయరుకి దాని మీద అజమాయిషీ లేదు. ఇలాంటివి ఈ ఒక్క రాష్ట్రంలోనే వెయ్యికి పైగా ఉన్నాయి. దేశం మొత్తం మీద సుమారు 13,000.

ఊరి హద్దు, ఐఎస్‌డీ హద్దు ఒకటి కాకపోవడం ఇల్లు కొనేవాళ్లని చాలామందిని తికమక పెడుతుంది. ఫ్రిస్కో నగరంలోని ఇళ్లు ఫ్రిస్కో, ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ ఐఎస్‌డీల మధ్య పంచుకుపోయి ఉంటాయి. మరోపక్క ప్లేనో, మెకిన్నీ నగరాల్లోని కొన్ని కాలనీలు ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి వస్తాయి. ఇంటి అడ్రస్‌లో ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు. ఐఎస్‌డీ సైట్‌లో అడ్రస్ కొట్టి చూసుకోవాలి. అది కూడా ఈ ఏటి జోన్ మాత్రమే చెబుతుంది. "బడి చూసి ఇల్లు కొన్నాం" అంటారు మనవాళ్లు. నిజానికి కొనుక్కున్నది డిస్ట్రిక్ట్‌లో చోటు. అందులో ఏ బడి అనేది బోర్డు చేతిలో ఉంటుంది, మార్చే హక్కు కూడా బోర్డుదే.

ఆ బోర్డులో సాధారణంగా 7గురు ట్రస్టీలుంటారు. జీతం లేదు, ఓట్లతో గెలిచి వస్తారు. మూడేళ్లో నాలుగేళ్లో ఉంటారు. సూపరింటెండెంట్‌ని ఉద్యోగంలో పెట్టుకునేదీ తీసేసేదీ వీళ్లే. క్యాలెండరు, జోన్లు, బడులు తెరవడం మూయడం, పన్ను రేటు, బడ్జెట్ అన్నీ వీళ్ల ఓటుతో తేలతాయి. మీ పిల్లాడు ఏ సెక్షన్‌లో ఉండాలి, డ్రాప్‌ఆఫ్ లైను ఎటు తిరగాలి లాంటివి ప్రిన్సిపల్ చూసుకుంటారు. పీటీఏ అంటే తల్లిదండ్రులూ టీచర్లూ కలిసి నడుపుకునే స్వచ్ఛంద సంఘం. అందులో చేరడం, చేరకపోవడం మన ఇష్టం, చేరకపోతే పిల్లలకి పోయేదేమీ లేదు.

బోర్డుకి పైన రాష్ట్రం ఉంది. పరీక్షలు, పాఠ్య ప్రమాణాలు, నిధుల లెక్క అక్కడివి. బడిలో ఫోన్లు వద్దన్న నిబంధన గురించి కొందరు ప్రిన్సిపల్‌తో వాదన పెట్టుకుంటారు. అది 2025లో శాసనసభ చేసిన చట్టం, హౌస్ బిల్ 1481. ప్రిన్సిపల్ మార్చగలిగింది కాదు. అలాగే ఏడాది చివర ఒకే పెద్ద పరీక్షగా ఉన్న స్టార్ స్థానంలో 2027–28 నుంచి ఏడాదిలో మూడు చిన్న పరీక్షలు రాబోతున్నాయి. అదీ ఆస్టిన్ నిర్ణయమే. రాష్ట్రం తలుచుకుంటే బోర్డునే పక్కన పెట్టగలదు. 2023 జూన్‌లో హ్యూస్టన్ ఐఎస్‌డీలో ఎన్నికైన ట్రస్టీలని పక్కకి జరిపి, తను నియమించిన మేనేజర్లని కూర్చోబెట్టింది.

ఇంటి పన్ను అంత కడుతుంటే డబ్బుల్లేవంటారేమిటి

ప్రతి పాట్‌లక్‌లోనూ వచ్చే ప్రశ్న ఇది. ఇళ్ల ధరలు ఇంతింత పెరిగాయి, పన్ను బిల్లులో సింహభాగం ఐఎస్‌డీదే, అయినా లోటు బడ్జెట్ అంటూ మెయిళ్లు. ఎవరో తినేస్తున్నారన్న అనుమానం రావడం సహజం. అసలు కారణం నిధుల లెక్కలోనే ఉంది.

రాష్ట్రం ఒక్కో విద్యార్థికి ఇంతని ఒక మూల మొత్తం పెడుతుంది. దాన్ని బేసిక్ అలాట్‌మెంట్ అంటారు. దానికి రకరకాల గుణకాలు కలిపి డిస్ట్రిక్ట్‌కి రావాల్సిన మొత్తం తేలుస్తుంది. అందులో ముందు స్థానిక పన్ను వసూలుని జమ చేసి, తక్కువ పడింది రాష్ట్రం ఇస్తుంది. కాబట్టి మీ వీధిలో ఇళ్ల విలువ పెరిగి పన్ను ఎక్కువ వస్తే, రాష్ట్రం తన వాటా అంతమేరకు తగ్గించుకుంటుంది. డిస్ట్రిక్ట్ చేతికి వచ్చే మొత్తం పెద్దగా కదలదు. లెక్కకి మించి వసూలైతే మిగులుని రాష్ట్రం తీసేసుకుంటుంది. రీక్యాప్చర్ అనే ఈ పద్ధతి 1993 నుంచి ఉంది, జనం నోట్లో దాని పేరు రాబిన్‌హుడ్. పైగా ఇళ్ల విలువలు వేగంగా పెరిగితే పన్ను రేటుని కిందికి దించాలని 2019 చట్టం చెబుతోంది.

ఇప్పుడు ఆ మూల మొత్తం సంగతి. 2019లో 6,160 డాలర్లు చేశారు. తర్వాత వచ్చిన ధరల పెరుగుదలలో కరెంటు, డీజిలు, బీమా, జీతాలు అన్నీ పెరిగాయి, అది మాత్రం ఆరేళ్లు అక్కడే ఉంది. 2025లో సుమారు 850 కోట్ల డాలర్ల ప్యాకేజీతో హౌస్ బిల్ 2 వచ్చింది. ఆ అంకె చూసి అందరూ అబ్బో అనుకున్నారు. బేసిక్ అలాట్‌మెంట్ పెరిగింది మాత్రం 55 డాలర్లు. మిగతాది ఎక్కువగా టీచర్ల జీతాల వంటి నిర్ణీత పద్దులకి కట్టేసిన డబ్బు. డిస్ట్రిక్ట్ తన ఇష్టానికి వాడుకునేందుకు లేదు.

దీనికి తోడు పిల్లలు తగ్గుతున్నారు. ఇరవై ఏళ్ల క్రితం చిన్న పిల్లలతో నిండిన కాలనీల్లో ఇప్పుడు ఆ పిల్లలు కాలేజీలకి వెళ్లిపోయారు, తల్లిదండ్రులు అదే ఇంట్లో ఉన్నారు. కొత్త జంటలకి ఆ ధరలు అందవు. వాళ్లు ఇంకా ఉత్తరానికి, ప్రాస్పర్, సెలీనా వైపుకి జరిగారు. జననాల రేటూ తగ్గింది. ఫలితంగా 2024–25 విద్యాసంవత్సరం చివర ప్లేనో ఐఎస్‌డీ రెండు ఎలిమెంటరీలు, రెండు మిడిల్ స్కూళ్లు మూసేసింది. కొపెల్‌లో పింకర్టన్ ఎలిమెంటరీ, ఫ్రిస్కోలో స్టేలీ మిడిల్ స్కూల్ అదే ఏడు మూతపడ్డాయి. ఏళ్ల తరబడి ఏటేటా కొత్త బడులు కట్టుకుంటూ పోయిన ఫ్రిస్కోలో ఇది జరుగుతుందని ఎవరూ ఊహించలేదు. 2026–27 నుంచి ప్రైవేటు బడి ఫీజులకి రాష్ట్రం డబ్బిచ్చే పథకం కూడా వస్తోంది. మొదటి విడతకి 100 కోట్ల డాలర్లు పెట్టారు. దానివల్ల ఎందరు పిల్లలు వెళ్లిపోతారన్నది ప్రతి డిస్ట్రిక్ట్‌కీ ఇప్పుడున్న గుబులు.

మరి డబ్బుల్లేవంటూనే కొత్త స్టేడియం ఎలా కడతారు? డిస్ట్రిక్ట్‌కి రెండు జేబులున్నాయి. నిర్వహణ పన్ను ఒకటి, అప్పు తీర్చే పన్ను ఇంకొకటి. జీతాలు, కరెంటు, బస్సుల డీజిలు మొదటిదాంట్లోంచి. భవనాలు, బస్సుల కొనుగోలు, కంప్యూటర్లు బాండ్లు అమ్మి తెచ్చిన అప్పులోంచి, ఆ అప్పు రెండోదాంట్లోంచి తీరుతుంది. బాండ్ డబ్బుతో టీచర్లకి జీతం ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే ఒకే వారంలో "టీచర్ పోస్టులు తగ్గిస్తున్నాం", "కొత్త భవనానికి శంకుస్థాపన" అని రెండు మెయిళ్లు రావచ్చు. రెండూ నిజమే. నిర్వహణ పన్ను రేటుని ఒక హద్దు దాటి పెంచాలంటే ఓటర్లని అడగాలి. ఆ ఎన్నికని వేట్రీ అని పొట్టి పేరుతో పిలుస్తారు.

బాండ్ బ్యాలెట్ మీద ఇంకో మడత పేచీ ఉంది. పన్ను రేటు ఒక్క సెంటు కూడా పెరగకపోయినా, ఇది ఆస్తిపన్ను పెంపు అని పెద్ద అక్షరాల్లో అచ్చు వెయ్యాలని 2019 చట్టం. ఆ ఒక్క వాక్యం చూసి వద్దని ఓటేసి వచ్చేవాళ్లున్నారు. వద్దనాలనుకుంటే అననివ్వండి, కానీ డిస్ట్రిక్ట్ పెట్టే బాండ్ సమావేశానికి ఓసారి వెళ్లి, రేటు నిజంగా పెరుగుతుందా అని అడిగి అప్పుడు అనడం నయం.

ఒక్క రోజు మానేస్తే అంత గోల ఎందుకు

పిల్లాడు రాలేదంటే గంటలో రోబో కాల్ వస్తుంది. టెక్సస్‌లో నిధులు పేరు రాయించుకున్న పిల్లల సంఖ్యని బట్టి రావు, రోజువారీ హాజరు సగటుని బట్టి వస్తాయి. రోజులో ఒక నిర్ణీత సమయానికి హాజరు లెక్కిస్తారు, ఆ క్షణానికి బడిలో లేని పిల్లాడికి డబ్బు లేదు. డాక్టరు అపాయింట్‌మెంటు ఉంటే ముందో వెనకో బడికి పంపి చీటీ ఇమ్మని అడగడం వెనక సంగతి అదే.

మనకి ఇది గుచ్చుకునేది డిసెంబరులో. క్రిస్మస్ సెలవులు రెండు వారాలు. ఇండియాకి టికెట్ తీసుకుంటే దానికి ఇంకో రెండు వారాలు కలిపితే గానీ పెళ్లీ, తిరుపతీ, అమ్మమ్మగారి ఊరూ పూర్తికావు. బడి తప్పనిసరిగా క్షమించాలని చట్టం చెప్పే కారణాల్లో ఊరెళ్లడం లేదు. క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే ఆ క్లాసుకి క్రెడిట్ ఇవ్వకుండా ఆపొచ్చు, హాజరు కమిటీ ముందుకి వెళ్లి అడుక్కోవాలి. ఎక్కువ రోజులు వరసగా రాకపోతే పేరు తీసేసి, తిరిగొచ్చాక మళ్లీ చేర్చుకునే బడులున్నాయి. టికెట్ కొనక ముందే అటెండెన్స్ క్లర్క్‌ని అడగండి. టీచరుని అడిగితే "ఎంజాయ్ యువర్ ట్రిప్" అంటారు. ఆవిడ చేతిలో ఏమీ లేదు.

ఇదే చట్టంలో మనకి పనికొచ్చే మాట కూడా ఉంది, చాలామందికి తెలీదు. మతపరమైన పవిత్ర దినం కోసం మానేస్తే బడి తప్పనిసరిగా క్షమించాలి, దానికోసం చేసే ప్రయాణపు రోజుతో సహా. ఆ పిల్లాడిని హాజరైనట్టే లెక్కేస్తారు, కాబట్టి బడికీ నష్టం లేదు. దీపావళి నాడు "కడుపునొప్పి" అని రాసి పంపాల్సిన పనే లేదు. పండుగ పేరు రాసి ముందుగా ఉత్తరం ఇస్తే చాలు. పౌరసత్వం కాగితాల పని మీద పిల్లాడు ప్రభుత్వ ఆఫీసుకి వెళ్లినా, ప్రమాణ స్వీకారానికి వెళ్లినా అంతే. న్యూయార్క్ నగరంలో బడులకి దీపావళి సెలవని చట్టమే ఉంది. టెక్సస్‌లో క్యాలెండరు ఏ డిస్ట్రిక్ట్‌కి ఆ డిస్ట్రిక్ట్ బోర్డు తేల్చుకుంటుంది, సర్వేలు కూడా పెడుతుంది. ఆ సర్వే లింకున్న మెయిల్‌ని చదవకుండా తీసేసి, అక్టోబరులో వాట్సాప్ గ్రూపులో బాధపడటం మన ఆనవాయితీ.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారు

బడిలో చేర్చేటప్పుడు ఇచ్చే కాగితాల కట్టలో అన్నిటికంటే చిన్నదీ, ఎక్కువ తిప్పలు తెచ్చేదీ హోమ్ లాంగ్వేజ్ సర్వే. ఇంట్లో ఏ భాష, పిల్లాడు ఏ భాష మాట్లాడతాడు అని రెండు మూడు ప్రశ్నలు. తెలుగు అని ఒక్కచోట రాసినా ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష పెడతారు. అందులో స్థాయి చాలకపోతే ఎమర్జెంట్ బైలింగ్వల్ (ఇంకా ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లాడు) అని నమోదు చేసి ఈఎస్ఎల్ (రెండో భాషగా ఇంగ్లిష్ నేర్పే) సాయం ఇవ్వజూపుతారు. తల్లిదండ్రులు ఆ సాయం వద్దనొచ్చు. అయినా ఆ నమోదు తొలగేదాకా ఏటా వసంతంలో టెల్పాస్ అనే ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష తప్పదు.

దాంతో మన గ్రూపుల్లో ఒక సలహా స్థిరపడిపోయింది: "ఇంగ్లిష్ అని రాసెయ్, గొడవ వదిలిపోద్ది." నాకు ఆ సలహా నచ్చదు. ఈఎస్ఎల్ అంటే వెనకబడ్డ పిల్లల క్లాసన్న భయం దాని వెనక ఉంది. అది భాష నేర్పే సాయం, పిల్లాడి తెలివికి కొలత కాదు. గిఫ్టెడ్ క్లాసుకి అదేమీ అడ్డు కాకూడదు కూడా. మొన్ననే విమానం దిగిన ఏడేళ్ల పిల్లకి ఆ సాయం లేకపోతే మొదటి ఏడాదంతా క్లాసులో బొమ్మలా కూర్చోవడమే. ఇంకా విచిత్రమేమిటంటే, ఇంగ్లిష్ మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాని నాలుగేళ్ల పిల్లలకి టెక్సస్‌లో ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది) ఉచితం. నాయనమ్మ దగ్గర పెరిగి తెలుగు తప్ప రాని పిల్లాడికి ఆ అర్హత రావచ్చు. మన వాళ్లు ఇంగ్లిష్ అని రాసి, నెలనెలా డేకేర్‌కి వెయ్యి డాలర్ల పైన కడుతుంటారు.

అయితే ఇంట్లో నిజంగా ఇంగ్లిషే నడిచే కుటుంబాలూ ఉన్నాయి. వాళ్లు గర్వంగా తెలుగు అని రాసి తర్వాత నాలిక కరుచుకుంటారు. పొరపాటుని దిద్దుకోవచ్చు, కానీ పరీక్ష పెట్టకముందే, చేర్చిన రెండు వారాల్లోపే, రాతపూర్వకంగా.

చేర్చేటప్పుడు బడి అడగాల్సింది నివాసం రుజువు, పుట్టిన తేదీ, టీకాల చిట్టా వంటివి. వీసా సంగతి ప్రవేశానికి అడ్డు పెట్టకూడదు. అమెరికా సుప్రీంకోర్టు 1982లో ఆ మాట చెప్పింది టెక్సస్‌లోని టైలర్ ఐఎస్‌డీ కేసులోనే. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వకపోతే రాష్ట్రం వేరే నంబరు ఇస్తుంది. అదే కట్టలో డైరెక్టరీ సమాచారం అనే కాగితం కూడా ఉంటుంది. కాదని గుర్తు పెట్టకపోతే పిల్లల పేరు, ఫొటో లాంటి వివరాలు అడిగినవాళ్లకి ఇచ్చే వీలు డిస్ట్రిక్ట్‌కి ఉంటుంది.

వదులుకోకూడని సాయంత్రాలు

మల్టీకల్చరల్ నైట్‌కి మనం పట్టుచీరలతో, పులిహోర ట్రేలతో దండుగా వెళతాం. మంచిదే. జనవరి, ఫిబ్రవరిల్లో జరిగే కోర్సుల ఎంపిక సమావేశానికి మాత్రం సగం కుర్చీలు ఖాళీ. పిల్లల చదువుకి దారి పడేది అక్కడ. అయిదో తరగతి లెక్కల్లో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరులో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో డిస్ట్రిక్ట్ తనంతట తానే వెయ్యాలని 2023 చట్టం చెబుతోంది. వద్దంటే తల్లిదండ్రులే రాసివ్వాలి. మిడిల్ స్కూల్లోనే ఆల్జీబ్రా పూర్తిచేస్తే అది హైస్కూల్ క్రెడిట్. ఆ మార్కులు ర్యాంకులో లెక్కకొస్తాయా లేదా అన్నది డిస్ట్రిక్ట్‌ని బట్టి మారుతుంది, కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ర్యాంకు అంత పట్టింపు ఎందుకంటే, క్లాసులో పై 10 శాతానికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశమని 1997 చట్టం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి మాత్రం 2026 ప్రవేశాల నుంచి అది 5 శాతానికి కుదించారు.

పిల్లాడి ఎదుగుదల మీద అనుమానం ఉన్నప్పుడు ఏ సమావేశం కోసమూ ఆగక్కర్లేదు. స్పెషల్ ఎడ్యుకేషన్ పరీక్ష కావాలని రాతపూర్వకంగా అడిగితే డిస్ట్రిక్ట్ 15 బడి రోజుల్లో జవాబివ్వాలి. ఒప్పుకుని మనం సంతకం చేశాక 45 బడి రోజుల్లో నివేదిక రావాలి. టీచరుతో కారు దగ్గర నిలబడి మాట్లాడితే ఈ గడువులేవీ మొదలవ్వవు. "నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో" అని ఏళ్లు గడిపేసే ఇళ్లు మనలో తక్కువేమీ కాదు. ఆ రికార్డులు రహస్యం, 1974 నాటి ఫెడరల్ చట్టం కాపలా ఉంది. సమావేశానికి ఇంటర్‌ప్రిటర్ కావాలని అడగొచ్చు.

ఓటు లేనివాళ్లు ఏం చేయగలరు

ట్రస్టీ ఎన్నికల్లో, బాండ్ ఎన్నికల్లో ఓటు పౌరులకే. హెచ్1బీకి లేదు, గ్రీన్‌కార్డుకీ లేదు. పొరపాటున ఓటరుగా నమోదైతే ముందుముందు పౌరసత్వానికే ముప్పు, ఏ ఫారంలోనైనా ఓటరు నమోదు గడి జోలికి పోవద్దు. పౌరులైనవాళ్లు ఎన్నికకి 30 రోజుల ముందే నమోదై ఉండాలి. ట్రస్టీ ఎన్నికలకి వచ్చే ఓట్లు ఎంత తక్కువంటే ఒక్క పెద్ద కాలనీ కదిలితే ఫలితం మారిపోయే చోట్లున్నాయి.

మాట్లాడటానికి మాత్రం ఓటు అక్కర్లేదు. బోర్డు మీటింగ్ ఎజెండా మూడు పనిదినాల ముందు బయటపెట్టాలి. ఎజెండాలో ఉన్న అంశం మీద, బోర్డు దాన్ని చేపట్టక ముందో, చేపట్టినప్పుడో జనాన్ని మాట్లాడనివ్వాలని 2019 నుంచి చట్టం ఉంది. ముందుగా పేరు నమోదు చేసుకుంటే కొద్ది నిమిషాలు ఇస్తారు. జోన్ మార్పులైతే మొదటి మ్యాపు బయటికొచ్చినప్పుడే వెళ్లాలి, ఓటింగు రోజుకి ట్రస్టీల మనసులో లెక్క ఖాయమైపోయి ఉంటుంది. "మా అమ్మాయికి స్నేహితులు దూరమవుతారు" అని అందరూ చెప్పేదే చెబితే వింటారు, అంతే. ఫలానా కాలనీ పిల్లలు హైవే దాటాలి, ఒకే ఎలిమెంటరీ నుంచి రెండు మిడిల్ స్కూళ్లకి చీలిపోతున్నారు, ఫలానా వీధిని ఇటు కలిపితే సరిపోతుంది అని మ్యాపు పట్టుకుని చెప్పినవాళ్ల మాట కాగితం మీదికి ఎక్కుతుంది.

ఎజెండాలో లేని విషయం ఎత్తితే ట్రస్టీలు ముఖం చూసి ఊరుకుంటారు. అది నిర్లక్ష్యం అనుకుని కోపంతో బయటికొచ్చేస్తారు కొందరు. ముందుగా ప్రకటించని విషయం మీద బోర్డు చర్చ పెట్టడానికి చట్టం ఒప్పుకోదు, ఉన్న నిబంధనేమిటో చెప్పగలరు, అంతవరకే. మర్నాడు ట్రస్టీకి మెయిల్ రాసి, వచ్చే ఎజెండాలో పెట్టమని అడగాలి. ఇంగ్లిష్‌లో మాట్లాడటానికి మొహమాటపడే అమ్మమ్మలకీ తాతయ్యలకీ ఆ చట్టంలోనే వెసులుబాటుంది: దుబాసీ ద్వారా మాట్లాడేవాళ్లకి మామూలు సమయానికి రెట్టింపు ఇవ్వాలి. రోజూ మధ్యాహ్నం పిల్లల్ని బస్‌స్టాపు నుంచి తీసుకొచ్చేది వాళ్లే కాబట్టి, బస్సు రూట్ల ఎజెండా వచ్చిన రోజు వాళ్లనే తీసుకెళ్లొచ్చు.